కాశీలో విడిది

(కాశీయాత్రకు బయలుదేరుతున్న భక్తులను ఉద్దేశించి ఆలయ కల్యాణ మండపంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన ఆలయం నుండి ఈసారి కాశీయాత్రకు బయలుదేరుతున్న వారిలో అధిక సంఖ్యాకులు ఆ క్షేత్రాన్ని మొదటిసారి దర్శించబోతున్నవారని కార్యనిర్వాహకులు చెప్పారు. కాశీ మాహాత్మ్యాన్ని వివరించడానికి నాకంటె యోగ్యులైన పండితులు ఈ సభలోనే ఉన్నారు. నేను తపాలా శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న సామాన్యుణ్ణి. కనుక పురాణ విషయాల జోలికి పోకుండా, యాత్రికునికి రైలు దిగగానే ఎదురయ్యే మొదటి ప్రశ్నను గురించి మాత్రమే నాలుగు మాటలు మనవి చేస్తాను. కాశీలో ఎక్కడ దిగాలి? ఇదే ఆ ప్రశ్న.

ఇది చిన్న విషయంగా తోచవచ్చు. రాత్రికి తల దాచుకోవడానికి ఏదో ఒక గది చాలదా అని మీరు అనుకోవచ్చు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. ఆ పొరపాటు ఫలితాన్ని అనుభవించినది నేను కాదు, మా అమ్మగారు. అందువల్లనే ఈ వేదిక మీదికి వచ్చి మాట్లాడడానికి ఒప్పుకున్నాను.

మన పూర్వులు ఈ సంగతిని తేలికగా తీసుకోలేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణంలో బయలుదేరి, పరివారంతో కాశీయాత్ర చేసి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరారు. వారి కాశీయాత్ర చరిత్ర చదివినవారికి ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. తాము మజిలీ చేసిన ఊళ్ళను గురించి రాసేటప్పుడు వారు దేవాలయాలను వర్ణించి ఊరుకోలేదు. అక్కడ మంచి నీరు దొరుకుతుందా, అంగళ్ళు ఉన్నాయా, దిగడానికి వసతి ఉన్నదా అనే వివరాలను కూడా శ్రద్ధగా నమోదు చేశారు. తమ వెనుక వచ్చే యాత్రికునికి ఆ వివరాలు ఎంత అవసరమో వారికి తెలుసు. వారి పాండిత్యం నాకు లేదు. కాని వెనుక వచ్చేవారికి దారి చెప్పడం ముందు వెళ్ళినవారి ధర్మమని వారి గ్రంథం నాకు నేర్పింది.

ఇక నా అనుభవం చెబుతాను.

2009వ సంవత్సరం మాఘమాసంలో మా అమ్మగారిని కాశీకి తీసుకువెళ్ళాను. నాన్నగారు పరమపదించి అప్పటికి ఏడాది దాటింది. అమ్మ వయస్సు 71 సంవత్సరాలు. మోకాళ్ళ నొప్పులు ఆమెను చాలాకాలంగా బాధిస్తున్నాయి. కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలని మన పెద్దలు చెబుతారు గదా! తొమ్మిది నెలల గర్భవాసానికి అది గుర్తని అంటారు. అమ్మ కోరినదల్లా అదే. తొమ్మిది రాత్రులు కాశీలో ఉండాలి, తొమ్మిది ఉదయాలు గంగలో స్నానం చేయాలి.

అమ్మకు ఏ కష్టమూ కలగకూడదని నేను ఎంతో ఆలోచించి, కంటోన్మెంట్ రైల్వే స్టేషను సమీపంలో ఒక మంచి లాడ్జిలో గది తీసుకున్నాను. అందులో లిఫ్టు ఉన్నది. వేడినీళ్ళ గీజరు ఉన్నది. కారు గుమ్మం దాకా వస్తుంది. తెలుగు సత్రాలలో గదులు చిన్నవని, సందులలో నడవాలని ఎవరో చెప్పగా విని, అమ్మను అక్కడ ఎందుకు కష్టపెట్టాలి అనుకున్నాను. గంగ అక్కడికి నాలుగైదు కిలోమీటర్లే గదా, ఆటోలో ఎంతసేపని లెక్క వేసుకున్నాను. ఆ లాడ్జివారి తప్పు ఇందులో ఏమీ లేదు. వారు చెప్పిన సౌకర్యాలన్నీ అక్కడ ఉన్నాయి. అక్కడ లేనిది గంగ ఒక్కటే.

విజయవాడలో సంఘమిత్ర ఎక్స్‌ప్రెస్ ఎక్కి మొగల్‌సరాయిలో దిగాము. ఆ స్టేషనుకే 2018లో పండిత దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అని పేరు మార్చారు. అది కాశీకి గంగ ఆవలి ఒడ్డున, సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. మంచు వల్ల రైలు ఆలస్యమై, మేము దిగేసరికి బాగా చీకటి పడింది. టాక్సీ వంతెన మీదికి రాగానే అమ్మ చేతులు జోడించింది. పొగమంచులో నది కనిపించనే లేదు. "రేపు పొద్దున చూస్తాం గదా" అన్నాను.

మరునాడు అమ్మకు ప్రయాణపు బడలిక తీరలేదు. సాయంకాలం గంగాహారతి చూపిద్దామని ఆటోలో బయలుదేరాము. గోదౌలియా కూడలికి చాలా ముందే పోలీసులు వాహనాలను ఆపివేశారు. అక్కడి నుండి జనంలో నడక. అమ్మ నా భుజం పట్టుకొని మెల్లగా నడిచి దశాశ్వమేధ ఘట్టం చేరింది. హారతి చూసి ఎంతో సంతోషించింది. హారతి ముగియగానే వేలాది జనం ఒక్కసారిగా లేచారు. ఆ జనంతో పాటు మళ్ళీ అంత దూరమూ నడవాలి. ఆటోలు నిలిచేచోటికి చేరినా ఖాళీ ఆటో దొరకలేదు. అమ్మ మూసి ఉన్న ఒక దుకాణం అరుగు మీద కూలబడింది. గదికి చేరేసరికి రాత్రి పది దాటింది. తెల్లవారేసరికి ఆమె మోకాళ్ళు రెండూ వాచిపోయాయి.

రెండు రోజులు ఆమె మంచం దిగలేదు. తరువాత ఒక రోజు వెళ్ళడం, ఒక రోజు మానడం. మొత్తం మీద తొమ్మిది ఉదయాలలో గంగాస్నానం దొరికినవి మూడే.

ఒకనాటి ఉదయం నేను టీ తీసుకొని గదికి వచ్చేసరికి స్నానాల గది తలుపు ఓరగా తెరిచి ఉన్నది. లోపల అమ్మ ముక్కాలిపీట మీద కూర్చొని ఉన్నది. గీజరు నీళ్ళు పట్టిన ప్లాస్టిక్ బకెట్టు ఎదురుగా పెట్టుకొని, ఇంటికి తీసుకువెళ్ళడానికి కొన్న చిన్న గంగచెంబులో నుండి నాలుగు చుక్కలు అందులో వేస్తున్నది. తరువాత కళ్ళు మూసుకొని సంకల్పం చెప్పుకుంటున్నది. నన్ను చూసి, "ఏం లేదురా నాయనా, ఇదంతా కాశీయే గదా. గంగమ్మే ఇక్కడిదాకా వచ్చింది, నువ్వు బాధపడకు" అన్నది.

ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఊరికి వచ్చాక ఇరుగుపొరుగువారితో, "మావాడు నన్ను మేడలో పెట్టి చూసుకున్నాడు" అని గొప్పగా చెప్పుకున్నది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఆ బకెట్టే గుర్తుకు వచ్చేది. మళ్ళీ తీసుకువెళ్ళి సరిగా స్నానాలు చేయిస్తానని మనసులో అనుకున్నాను. ఆ అవకాశం నాకు రాలేదు. 2012లో ఆమె కాలధర్మం చెందింది.

సోదరీ సోదరులారా! నేను చేసిన పొరపాటు ఏమిటి? విడిది ఎలా ఉండాలని ఆలోచించాను గాని, అది దేనికోసమని ఆలోచించలేదు. అమ్మ కాశీకి వచ్చినది లిఫ్టు కోసం కాదు. రోజూ తెల్లవారుజామున గంగ దగ్గరకు వెళ్ళగలగడం ఆమెకు కావలసిన సుఖం. మనం ఏ పని మీద నగరానికి వెళుతున్నామో, ఆ పనికి మన బృందంలో అందరికంటె మెల్లగా నడిచేవారు ఎంత తేలికగా చేరగలరో చూసుకొని విడిది ఎంచుకోవాలి. ఇదే నేను చెప్పదలచిన ముఖ్య విషయం.

ఇప్పుడు మీకు ఉపయోగపడేలా కాశీలో యాత్రికులు దిగే ప్రాంతాలను స్థూలంగా చెబుతాను.

కాశీలో గంగ ఉత్తరవాహిని. దక్షిణాన అసి నుండి ఉత్తరాన వరుణ వరకు పడమటి ఒడ్డున ఘట్టాలు వరుసగా ఉన్నాయి. ఇవి 84 అని ప్రసిద్ధి. ఊరి పటం మీ మనసులో నిలవాలంటే ముందుగా ఈ వరుసను గుర్తుంచుకోండి.

మొదటిది కంటోన్మెంట్ స్టేషను ప్రాంతం. ఇది గంగకు దూరం. రైళ్ళకు, బస్సులకు, వాహన ప్రయాణాలకు అనుకూలం. ఒక పూట ఉండి ప్రయాగకో, గయకో వెళ్ళిపోయేవారికి ఇది చాలు. నిత్య గంగాస్నానం కోరేవారికి తగినది కాదు.

రెండవది గోదౌలియా, దశాశ్వమేధ ప్రాంతం. విశ్వనాథుని ఆలయానికి ఇది చాలా దగ్గర. ఆలయంలో తెల్లవారుజామున 3 గంటలకు మంగళహారతి జరుగుతుంది. ఆ సేవకు వెళ్ళదలచినవారు అర్ధరాత్రి దాటగానే లేచి సిద్ధం కావాలి. నడిచి వెళ్ళగలిగిన దూరంలో ఉంటే ఆ వేళ వాహనం కోసం వెదకనక్కరలేదు. కాని ఈ ప్రాంతంలో పగలు, రాత్రి జనసమ్మర్దం అధికం. రద్దీ వేళలలో వాహనాలను దూరంగానే ఆపుతారు. పెట్టెలతో వచ్చేవారు, నిద్ర సరిగా పట్టనివారు ఈ విషయం ఆలోచించుకోవాలి.

మూడవది కేదారఘట్టం, మానససరోవర ఘట్టం, పాండే హవేలీ పరిసరాలు. తెలుగువారు, తమిళులు, కన్నడిగులు తరతరాలుగా దిగుతున్న ప్రాంతమిది. శ్రీరామతారక ఆంధ్రాశ్రమం ఇక్కడనే ఉన్నది. కేదారేశ్వరస్వామి ఆలయం గంగ ఒడ్డుననే ఉన్నది. ఒడ్డు వెంబడి నడిస్తే దశాశ్వమేధం సుమారు ఒక కిలోమీటరు. మన భాష వినిపిస్తుంది. మన భోజనం దొరుకుతుంది. పితృకార్యాలు చేయించే తెలుగు పురోహితులు అందుబాటులో ఉంటారు. అయితే ఆటో సోనార్‌పురా వైపు రోడ్డు మీదనే ఆగుతుంది. అక్కడి నుండి ఇరుకు సందులలో నడిచి వెళ్ళాలి. ఘట్టం మెట్లు నిటారుగా ఉంటాయి. పక్కనే హరిశ్చంద్ర ఘట్టంలో చితులు వెలుగుతుంటాయి. అవి చూసి కలతపడే స్వభావం ఉన్నవారికి ముందుగా చెప్పి తీసుకువెళ్ళండి.

నాలుగవది అస్సీ ఘట్టం. ఇది వరుసలో దక్షిణపు కొస. కొంత విశాలంగా, ప్రశాంతంగా ఉంటుంది. వాహనం ఘట్టానికి బాగా దగ్గరగా వస్తుంది. దుర్గాలయం, సంకటమోచన హనుమదాలయం, హిందూ విశ్వవిద్యాలయం ఇక్కడికి దగ్గర. విశ్వనాథుని ఆలయం మాత్రం సుమారు మూడు కిలోమీటర్లు. ఏమాత్రమూ నడవలేని పెద్దలు మీతో ఉంటే, ఒకటి రెండు రోజులు విశ్వనాథ దర్శనానికి శ్రమపడినా, రోజూ గంగ దగ్గర కూర్చోవడానికి ఈ చోటు అనుకూలిస్తుంది.

ఈ నాలుగింటిలో ఏది ఉత్తమమని నన్ను అడగవద్దు. మీతో ఎవరు వస్తున్నారో, ఏమి కోరి వస్తున్నారో చెబితే సమాధానం దానంతట అదే తేలుతుంది.

ప్రాంతం నిశ్చయించుకున్న తరువాత సత్రంవారికి గాని, లాడ్జివారికి గాని ఫోను చేసి కొన్ని సంగతులు అడగండి. ఆటో ఎక్కడ ఆగుతుంది, అక్కడి నుండి ఎంత నడవాలి? గది ఎన్నవ అంతస్తులో ఉన్నది, లిఫ్టు లేకపోతే కింది గది ఇస్తారా? కుర్చీలాంటి మరుగుదొడ్డి ఉన్నదా? ఎన్ని రాత్రులు ఉండనిస్తారు? కొన్ని సత్రాలలో మూడు రోజులకు మించి ఉండనివ్వరు. తొమ్మిది రాత్రుల సంకల్పంతో వెళ్ళి నాలుగవ నాడు మూట సర్దుకోవలసి వస్తే పెద్దలు నలిగిపోతారు. కొన్నిచోట్ల ఒంటరిగా వచ్చినవారికి గది ఇవ్వరు. ఆధార్ కార్డు అందరిదీ అడుగుతారు. భోజనానికి ముందు రోజే పేరు చెప్పాలా అన్నది కూడా తెలుసుకోండి.

"గంగకు ఎదురుగా గది" అన్న మాట విని మురిసిపోకండి. కిటికీలో నుండి నది కనిపించడం వేరు, నది దగ్గరకు దిగగలగడం వేరు. నదికి ఎన్ని మెట్లు, పట్టుకోవడానికి ఊతం ఉన్నదా అని అడగండి.

ఋతువును కూడా లెక్కలోకి తీసుకోవాలి. శ్రావణ భాద్రపదాలలో గంగ పొంగి ఘట్టాల మెట్లు మునిగిపోతాయి. ఒక ఘట్టం నుండి మరొక ఘట్టానికి ఒడ్డు వెంబడి నడిచే దారి తెగిపోతుంది. పడవలు ఆపివేస్తారు. వేసవిలో దగ్గర అనిపించిన చోటు అప్పుడు సందుల గుండా చుట్టు తిరుగుడు అవుతుంది. పుష్య మాఘాలలో చలి, పొగమంచు ఎక్కువ. రైళ్ళు గంటల తరబడి ఆలస్యమవుతాయి. కనుక అర్ధరాత్రి చేరినా తలుపు తీస్తారా అని ముందే అడిగి ఉంచుకోండి. కార్తీక పౌర్ణమికి దేవదీపావళి. ఆ రోజులలో ముందుగా ఏర్పాటు చేసుకోనివారికి గది దొరకడం కష్టం.

ఇంకొక జాగ్రత్త. స్టేషను బయట ఎవరైనా, "మీరు చెప్పిన సత్రం నిండిపోయింది, మూసివేశారు, మరొక మంచి చోటికి తీసుకువెళతాను" అంటే వెంటనే నమ్మకండి. సత్రానికి మీరే ఫోను చేసి కనుక్కోండి. అలాగే ప్రసిద్ధ సత్రాల పేరు చెప్పి ఫోనులోనే మొత్తం సొమ్ము పంపమనేవారితో జాగ్రత్తగా ఉండండి. అక్కడికి వెళ్ళి వచ్చినవారి దగ్గర సరియైన నంబరు తీసుకోవడం మేలు. సామాను తగ్గించుకోండి. సందులలో మీ పెట్టెను మీరే మోయగలిగితే మీ రెండవ చేయి పెద్దవారికి ఊతమవుతుంది.

చివరగా ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను.

2014లో మహాలయ పక్షంలో అమ్మకు, నాన్నగారికి పిండప్రదానం చేయడానికి మళ్ళీ కాశీ వెళ్ళాను. అమ్మ చెల్లెలు, మా పిన్ని, నాతో వచ్చింది. ఆమెకూ మోకాళ్ళ నొప్పులే. ఈసారి కేదారఘట్టం దగ్గర ఒక తెలుగు సత్రంలో కింది అంతస్తు గది అడిగి తీసుకున్నాను. గది చిన్నది. గోడలకు సున్నం పెచ్చులూడుతున్నది. నీళ్ళగది నలుగురికీ ఒకటే. మొదటి రోజు పిన్ని ముఖం చూసి, మళ్ళీ పొరపాటు చేశానేమో అనుకున్నాను.

మరునాడు తెల్లవారుజామున ఇద్దరమూ సందులో మెల్లగా నడిచాము. దారిలో రెండుచోట్ల అరుగుల మీద కూర్చున్నాము. తొందరపెట్టే ఆటో లేదు, తిరిగి వెళ్ళడానికి వేళ మించిపోతుందన్న బెంగ లేదు. ఘట్టం చేరి చూస్తే గంగ నిండుగా ఉన్నది. దిగువ మెట్లన్నీ నీటిలో ఉన్నాయి. మేము దిగవలసినవి కొన్ని మెట్లే. ప్రవాహం వడిగా ఉండడం వల్ల నీటిలోకి దిగవద్దని అక్కడివారు హెచ్చరించారు. పిన్ని పై మెట్టు మీద కూర్చున్నది. నేను చెంబుతో నీళ్ళు ముంచి ఆమె తల మీద పోశాను. ఆమె కళ్ళు తుడుచుకొని, "అక్క కూడా ఇక్కడే కూర్చునిందా?" అని అడిగింది.

లేదని చెప్పాను. జరిగినదంతా చెప్పాను. ఆ బకెట్టు సంగతి అంతవరకు నేను ఎవరికీ చెప్పలేదు. పిన్ని కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇంకొక చెంబు ముంచు, అక్క పేరు చెప్పి పొయ్యి" అన్నది. పోశాను. అక్కడ ఉన్న తొమ్మిది ఉదయాలూ రెండేసి చెంబులు పోశాను.

ఆ తొమ్మిది రోజులలో పిన్ని ఒక్కసారి కూడా గది చిన్నదని అనలేదు.

మీరు ఈ యాత్రకు తీసుకువెళుతున్న పెద్దలు కూడా మీకు కష్టం కలుగుతుందని తమ కోరికను పైకి చెప్పరు. "నీకు ఎక్కడ వీలైతే అక్కడే దిగుదాం" అంటారు. ఆ మాట విని సరిపెట్టుకోకండి. ఇంటికి వెళ్ళగానే ఈ రాత్రే వారి పక్కన కూర్చొని, "కాశీలో నీవు రోజూ ఏమి చేయాలనుకుంటున్నావు?" అని అడగండి. వారు చెప్పినది విని, అప్పుడు గది వెదకండి.

మీ యాత్ర నిర్విఘ్నంగా, సఫలంగా జరగాలని శ్రీ విశాలాక్షీ సమేత విశ్వనాథస్వామిని ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాను. హర హర మహాదేవ!